చెవి మొలిచిన శుభలేఖ

నా కుడిచేతి చూపుడువేలు వంగదు. దారి అడిగినవాళ్లకి చూపించడానికి భేషుగ్గా ఉంటుంది. ఎవరి తప్పయినా ఎత్తిచూపాలన్నా ఎప్పుడూ సిద్ధంగానే నిలబడి ఉంటుంది. స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి మాత్రం రాదు. సెల్‌ఫోన్లు విప్పి బాగుచేసుకుని బతికేవాడికి ఈ వేలు వంగకపోవడమంటే చెట్టెక్కేవాడికి మోకు తెగడం లాంటిదే.

ఏమైందని అడిగితే మనిషిని బట్టి చెబుతాను. పిల్లలకి మొసలి కరిచిందంటాను. పెళ్లికాని కుర్రాళ్లకి పెళ్లిచూపుల్లో తలుపు సందున పడిందంటాను. మా మేనత్తకి ఒకసారి నిజమే చెప్పాను, శుభలేఖ కరిచిందని. ఆవిడ నా అబద్ధాలన్నీ నమ్మింది గానీ ఆ ఒక్కటీ నమ్మలేదు.

మాది రాజోలు నుంచి దిండి వెళ్లే రోడ్డు మీద చిన్న కొట్టు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరం ఒకేరోజు వదిలేసుకున్నాం. ఆయన ప్రాణం ఆయనకి దక్కింది, నాకు రేడియోలు దక్కాయి. రేడియోల తరవాత టీవీలు, టీవీల తరవాత సెల్‌ఫోన్లు. వస్తువు చిన్నదవుతున్నకొద్దీ దాంతో వచ్చే గొడవ పెద్దదవుతుందని అప్పట్లో నాకు తెలీదు.

మా చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో సగానికి పైగా ఒక్క ఆసామివే. ఊరంతా ఆయన్ని పెద్దయ్యగారంటారు, నేనూ అదే అంటాను. ఆయన ఏ మేత వాడితే అందరిదీ ఆ మేతే. ఆయన ఏ చెప్పులేసుకుంటే గట్ల మీద అవే జాడలు. ఒక ఏడాది ఆయన అమలాపురం వెళ్లి ఒక ఫోను కొన్నారు. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ల హోరులో కూడా గట్టు ఆ చివరికి వినపడేంత గొంతు దానిది. ఇంకేం, నాలుగు వారాలు తిరక్కుండా అందరి జేబుల్లోనూ అదే. నేను దానికి గాడిద అని పేరు పెట్టాను. పేరు అతుక్కుపోయింది. "మా గాడిదకి చార్జింగెక్కట్లేదండి, కాస్త చూద్దురూ" అని పెద్దమనుషులే తెచ్చి ఇచ్చేవారు. పెద్దయ్యగారి గాడిద మాత్రం నా కొట్టు గడప ఎప్పుడూ తొక్కలేదు. బడి మానేసినవాడి చేతికి ఫోనేమిటని ఆయన దాన్ని కారులో అమలాపురం తీసుకెళ్లేవారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా చెయ్యి దీని మీదే నిలబడి ఉంది.

మా అక్క భర్త, అంటే మా బావ, పెద్దయ్యగారి చెరువుల్లో ఒకదాంట్లో వాటాదారు. అంతకుముందు బావకి సొంతంగా ఒక చిన్న చెరువుండేది. ఒక పొద్దున్న వెళ్లి చూస్తే రొయ్యలన్నీ చచ్చి తేలాయి. నీళ్లు కనపడలేదు, తెల్లటి పొట్టలే కనపడ్డాయి. బావ గట్టు మీద కూర్చుని బురద గుప్పిళ్లతో తీసుకుని తలమీద పోసుకున్నాడు. ఎవరో మందు కలిపారని ముక్కున్న ప్రతివాడికీ తెలిసింది. ఎవరన్నది తెలీలేదు. ఆవేళ పెద్దయ్యగారే వచ్చి బావ భుజం మీద చెయ్యేసి, "మరేం పర్లేదురా, నా చెరువులో కలువు" అన్నారు. అప్పట్నుంచి బావ ఆయన వెనకాలే. ఎండగా ఉందిరా అంటే ఆయ్. వానొచ్చేలా ఉందిరా అంటే ఆయ్. రెండూ ఒకే నిమిషంలో అన్నా ఆయ్.

పెద్దయ్యగారి రెండో అమ్మాయికి పెళ్లి కుదిరింది. కుదిరిన వారంలోనే ఆయన ఫోను నుంచి అందరి ఫోన్లకీ శుభలేఖ వచ్చింది. పైన వినాయకుడు, కింద విప్పడానికి ఇక్కడ నొక్కండి అని.

మా వైపు పిలుపంటే మాటలు కాదు. పిలిచినవాళ్ల ఎదుటే కార్డు విప్పాలి, కళ్లకద్దుకోవాలి, "ఆయ్, తప్పకుండా వత్తావండి" అనాలి. కార్డు విప్పకుండా బల్లమీద పడేశారని మాటలు మానేసి, చావుకి కూడా రాని అన్నదమ్ములు నాకు తెలుసు. ఈ శుభలేఖని విప్పబోతే ఫోను అడ్డుపడింది. ఇది ప్రమాదం కావచ్చు, ఆలోచించుకో అంది. మా వాళ్లకి ఒళ్లు మండింది. పెళ్లికార్డుని పట్టుకుని ప్రమాదమంటుందేంటి, అశుభం పలుకుతోంది గాడిద అని, అది వద్దన్నకొద్దీ సరే సరే అని నొక్కారు.

బావ నా కొట్టుకొచ్చాడు.

"బామ్మర్దీ, ఇది ఇప్పుదావంటే ఫోను ఒప్పుకోవట్లేదురా."

చూశాను. "బావా, ఇది శుభలేఖ కాదు. శుభలేఖ చీర కట్టుకున్న ప్రోగ్రాము. ముట్టుకోకు."

"పెద్దయ్యగారు పంపేర్రా!"

"ఎవరు వండినా పులసలో ముల్లు ముల్లే."

"ఇప్పకపోతే ఆయనేవనుకుంటారు?"

"నేను వద్దన్నానని చెప్పు."

చెప్పాడు. అక్షరం పొల్లుపోకుండా వెళ్లి, "మీ శుభలేఖలో ఇషం ఉందని మా బామ్మర్ది అంటన్నాడండి" అని చెప్పాడు. చెప్పి, ఎందుకొచ్చిన గొడవని ఆయన ఎదుటే దాన్ని విప్పి కళ్లకద్దుకున్నాడు.

తమాషా ఏమిటంటే పెద్దయ్యగారు దాన్ని పంపనే లేదు. అసలు కార్డులు ఇంకా ప్రెస్సులోనే ఉన్నాయి. ఆయనకి ఎవరి నుంచో అలాంటి శుభలేఖే వస్తే మర్యాదగా విప్పారు. అది ఆయన ఫోన్లో ఉన్న పేర్లన్నిటికీ తనంతట తాను వెళ్లిపోయింది. "కార్డు అందిందండి, బాగుందండి" అని జనం అంటుంటే ఆయన కూతురు పంపిందనుకున్నారు, కూతురు నాన్నగారు పంపారనుకుంది.

తరవాత అందరికీ ఇంగ్లీషులో ఒక బెదిరింపొచ్చింది. మీ ఇంట్లో మాటలన్నీ మా దగ్గరున్నాయి, మేం అడిగింది ఇవ్వకపోతే ఎవరి గురించి అన్నారో వాళ్లకే వినిపిస్తాం అని. మా వాళ్లు అదేదో లోన్లు ఇచ్చేవాళ్ల ప్రకటన అనుకుని కొట్టేశారు.

ఆ మర్నాటి నుంచి మాటలు రావడం మొదలైంది.

సరిగ్గా మధ్యాహ్నం భోజనాలకి కూర్చునే వేళకి వచ్చేవి. పంపేవాడెవడో, ఏ దేశంలో ఉన్నాడో, మా గోదావరి మొహం చూశాడో లేదో గానీ అన్నం వేళ మాత్రం తెలిసినవాడు. పళ్లెం ముందు కూర్చోగానే గాడిద ఓండ్రపెట్టేది. నొక్కితే తెలిసిన గొంతు. మీ గురించి మీ వాళ్లు మీ వెనకాల ఏమన్నారో అది.

మా వైపు మర్యాద గురించి మీరు వినే ఉంటారు. ఎదురుపడితే అండీ లేకుండా మాట పుట్టదు. మరి ఆ అండీలన్నీ ఎక్కడ మింగుతాం? ఇంటికెళ్లి తలుపేసుకుని కక్కుతాం. ఆ కక్కినదంతా ఇప్పుడు మూటగట్టి ఎవరిది వాళ్లకి చేరవేయడం మొదలైంది.

తన పులుసు గురించి కోడలు పుట్టింటికి చెప్పుకున్నది విని ఒక అత్తగారు, పులుసు కలిపిన చేత్తోనే కోడలి జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. ముందు పన్ను ఊడి పళ్లెంలో పడింది. గట్టు తగాదా ఉన్న అన్నదమ్ముల్లో అన్న, "ఆడు చస్తే పీడా ఒదుల్తాది" అన్నది తమ్ముడికి చేరింది. కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసుకెళ్లి అన్న భుజం మీద వేశాడు. ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటోకి తువ్వాలు పరిచింది నేనే. ఎముక కనపడింది. గోదావరి దాటే పంటు మీద ఇద్దరు వియ్యంకులు నమస్కారాలు పెట్టుకుని, ఒకరి క్షేమం ఒకరు అడిగి, ఫోన్లు మోగాక ఒకాయన గెడ లాక్కుని రెండో ఆయన తల పగలగొట్టారు. చెక్కల సందుల్లోంచి రక్తం నీళ్లలోకి కారుతుంటే పంటు ఎక్కినవాళ్లు కాళ్లు పక్కకి తీసుకుని, "జాగ్రత్తండీ, జారతాది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

కుట్లు వేయించుకున్నవాళ్లని డాక్టరుగారు ఏమైందని అడిగితే ఒకటే మాట. "జారి పడ్డావండి." కోనసీమ ఆ నెలలో ఉన్నంత జారుడుగా ఎప్పుడూ లేదు.

మా రోడ్డులోనే ఉంటారు ఒక మేడమ్‌గారు, అమలాపురంలో కాలేజీలో కంప్యూటర్లు చెబుతారు. వాళ్లమ్మగారిదీ గాడిదే. పాస్టరుగారి ప్రసంగం సాగదీసిన జీడిలా ఉంటుందని ఆ పెద్దావిడ ఇంట్లో అన్న మాట పాస్టరుగారికే చేరింది. ఆయన నవ్వి, ఆ ఆదివారం ప్రసంగం కురచ చేశారట. ఇంత గొడవలో నవ్వినవాడు ఆయనొక్కడే. మేడమ్‌గారు ఆ ఫోను కాలేజీకి తీసుకెళ్లి, తోటివాళ్లతో కలిసి చూసి, వచ్చి నా కొట్టులో స్టూలు మీద కూర్చున్నారు.

"తమ్ముడూ, ఆ శుభలేఖని తీసేస్తే పోయేది కాదు. అది కిందకి దిగిపోయింది."

"ఎంత కిందకండి?"

"ఫోన్లో అన్నిటికన్నా అడుగున కెర్నెల్ అని ఉంటుంది. ఎవరు ఏం ముట్టుకోవాలో అదే చెప్పాలి. మైకుతో నేరుగా మాట్లాడే చిన్న ప్రోగ్రాముంటుంది, డ్రైవరంటారు. అది కెర్నెల్ ఇంట్లోనే కూర్చుంటుంది. ఈ ఫోన్లో సౌండు డ్రైవరు తప్పుగా రాశారు." నా మొహం చూసి ఆవిడ ఆగారు. "తూము దగ్గర మనిషిని పెట్టేరనుకో. ఎంత నీళ్లు కావాలని అడుగుతాడు. ఎంత చెప్తే అంత ఒదిలేస్తాడు, బోదె, అదే పిల్లకాలవ, అంత పట్టుద్దో లేదో చూడడు. అప్పుడేవవుద్ది?"

"గట్టు తెగి పక్క చేలో పడతాయండి."

"ఆ పక్క చేనే కెర్నెల్. శుభలేఖ చేసిందదే. బోదె పట్టనంత చెప్పింది, గట్టు తెంపింది, ఇంటి పెద్ద కుర్చీలో కూర్చుంది. ఇంక మైకు తెరిచినా ఫోను మనకి చెప్పదు. చెప్పాల్సినవాడి కుర్చీలోనే అది ఉంది కదా."

"మరి ఆ తూము మనిషిని మార్చలేరాండి?"

"చిప్పు చేసినవాళ్లు ఎప్పుడో సరిచేసి ఇచ్చేరు. ఫోను కంపెనీవాడు మాత్రం ఈ రకం అమ్మడం ఆపేశాక దీని మొహం చూళ్లేదు."

నేను నవ్వాను. గాడిదని కొన్నవాడే కట్టేసుకోవాలన్నమాట. ఆ నవ్వు ఆ వారానికి ఆఖరిది.

ఎందుకంటే మర్నాడే పెద్దయ్యగారి కాబోయే వియ్యంకుడికి ఆయన గొంతు చేరింది. "ఆడికి చెరువుకీ మురిక్కాలవకీ తేడా తెలీదు. పిల్లనిచ్చేక ఆళ్ల గట్లన్నీ మనవే కదరా." పెళ్లి ఆగిపోయింది. లోపల ఆడపిల్ల ఏడుపు, బయట ఊరి గుసగుస. పెద్దయ్యగారికి ఎవడో ఒకడు కావాలి. అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది, దాంట్లో విషముందని ముందే చెప్పినవాడొకడున్నాడని.

"ఆడికి ముందే ఎలా తెలిసింద్రా?" అని బావని అడిగారట.

ముందే తెలిసినవాడే చేసినవాడు. ఊళ్లో ఫోన్లన్నీ నా కొట్టులోనే విప్పుతారు. రెండూ కలిపితే మా లెక్కల మాస్టారు కూడా తప్పు పట్టలేరు.

"ముందే చెప్పేడు కదరా?"

"ఆయ్" అన్నాడు బావ.

పెద్దయ్యగారి తమ్ముళ్లిద్దరు పొద్దున్న పదకొండు దాటాక వచ్చారు. వెనక బావ. పెద్ద తమ్ముడు చెప్పులు గడప బయట విడిచి, "లోపలికి రావచ్చాండి?" అని అడిగాడు. మర్యాద మర్యాదే.

"రండి" అన్నాను.

వచ్చి నా తల పట్టుకుని కౌంటరు అద్దంలోంచి కిందకి దించాడు. అద్దం పగిలిందా నా నుదురు పగిలిందా అన్నది ఆ క్షణంలో తెలీలేదు. రెండూ పగిలాయి. చిన్న తమ్ముడు కడుపులో మోకాలితో పొడిచాడు. కళ్లల్లోకి రక్తం కారుతుంటే ఎర్రగా బావ కనపడ్డాడు, గుమ్మం పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. కొబ్బరికాయలు తోలే ట్రాలీ ఆటోలో పడేశారు. దారి పొడుగునా పెద్దవాడు నా మెడ మీద కాలేసి కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా "దెబ్బ తగల్లేదు కదా" అని చిన్నవాణ్ణి అడుగుతున్నాడు.

పెద్దయ్యగారి దొడ్లో ఒకపక్క కొబ్బరికాయల రాశి, ఒకపక్క వలిచిన పీచు డొక్కల గుట్ట. మధ్యలో కాయలు వలవడానికి నిలువుగా పాతిన గునపం. మా వైపు చూడని వాళ్లకోసం చెబుతున్నా, మనిషి నడుం ఎత్తున ఉంటుంది, మొన ఆకాశం వైపు. దాని మీద కాయని గుచ్చి మెలితిప్పితే డొక్క ఊడొస్తుంది. ఆ మొన అరిగి అరిగి వెండిలా మెరుస్తోంది.

పెద్దయ్యగారు బల్లమీద కూర్చున్నారు. "ఏ చేత్తో చేశావురా?"

"పెద్దయ్యగారండి, నేను చేస్తే ఇంత బాగా ఎందుకు పనిచేస్తాదండి?"

చిన్న తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. అన్నగారు చూసిన చూపుకి ఆ నవ్వు దగ్గయింది.

"కుడిచెయ్యి" అన్నారాయన. "ఆ గునపానికెక్కించి, మొదలుకి కోసేయండి. ఒరే, నువ్వు పట్టుకో. నీ బామ్మర్దే కదా."

ఆ మాట బావతో అన్నారు. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. గునపానికెక్కించే ముందు చెయ్యిని పక్కనున్న మొద్దు మీద ఆనించారు. పెద్ద తమ్ముడు ముందు బెదిరింపుగా కత్తి తిరగేసి, వెనక వైపుతో చూపుడువేలి మీద ఒక్కటి వేశాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. నేను అరిచిన అరుపుకి రాశి మీద కాకులు లేచాయి.

ఆ నొప్పిలోనే ఒకటి తట్టింది. ఎండ నడినెత్తికొచ్చింది. గాడిదలు ఓండ్రపెట్టే వేళ దగ్గరపడింది. అందరి జేబుల్లోనూ గాడిదలే. నాకు కావాల్సిందల్లా అప్పటిదాకా చెయ్యి మిగలడం.

"పెద్దయ్యగారండి, మీ ఫోను ఎప్పుడైనా నా కొట్టుకొచ్చిందాండి? రాలేదు. మరి మీ గొంతు మీ వియ్యంకుడికెలా చేరిందండి?"

"ఊళ్లో ఫోన్లన్నీ నీ చేతిలోంచే పోయేయి కదరా."

"మీది పోలేదు కదండీ."

అంతలోనే లోపల్నుంచి ఆయన భార్య, అమ్మగారు, కేకేశారు.

"ఏవండీ, వడ్డించేశాను. దొడ్లో ఎవరో వచ్చినట్టున్నారు, ఆ అబ్బాయికి కూడా పెట్టనా?"

ఆవిడకి కూతురి ఏడుపు తప్ప దొడ్లో సంగతి తెలీదు. తెలిసినా అడిగేవారేమో. అన్నం వేళకి గుమ్మంలో ఉన్న మనిషికి పెట్టకుండా పంపడం మా గోదావరి వైపు పెద్ద తప్పు. శత్రువైనా సరే, తిన్నాక శత్రువు.

నేను గొంతు పెంచాను. "పెట్టండమ్మా! ఆకలేస్తోందండి!"

"ఏంట్రా ఏషాలు?" అన్నాడు పెద్ద తమ్ముడు.

"ఏషాలేంటండి? చెయ్యి తీసేశాక ఏ చేత్తో తినమంటారు? ఎడంచేత్తో తింటే మీ ఇంటి అన్నానికే మర్యాద తక్కువ. తిన్నాక తీసుకోండి, ఎక్కడికి పోతాను?"

పెద్దయ్యగారు నన్ను చూశారు, గునపాన్ని చూశారు, వంటింటి వైపు చూశారు. అన్నం వేళకి తన దొడ్లో ఆకలితో ఉన్నవాడి చెయ్యి నరికాడన్న మాట రేపు ఊళ్లో ఎలా తిరుగుతుందో ఆయనకి తెలుసు. నరికినందుకు ఎవరూ ఏమీ అనరు. పెట్టకుండా నరికినందుకు తరాలు అంటాయి.

"పెట్టండి" అన్నారు.

డొక్కల గుట్ట పక్కన ఆకేశారు. అమ్మగారు వచ్చి నా మొహం చూసి, చేతిలో గరిట జారి పడబోతే పట్టుకుని, ఏమీ అడక్కుండా పప్పు వేశారు, నెయ్యి వేశారు. విరిగిన వేలితో అన్నం కలపడం ఎలా ఉంటుందో నేను చెప్పను. ముద్ద ముద్దకీ కళ్ల ముందు మెరుపులు. జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ తినలేదు. పప్పన్నం అయ్యింది. "కూర బాగుందమ్మా, ఇంకొంచెం" అన్నాను. కూరన్నం అయ్యింది. పులుసడిగాను. పెద్ద తమ్ముడు కత్తి తొడకేసి తట్టుకుంటున్నాడు. గాడిదలు పలకడం లేదు. ఆవేళ పంపేవాడికి జ్వరమొచ్చిందేమోనని మొట్టమొదటిసారి వాడి ఆరోగ్యం గురించి బెంగపెట్టుకున్నాను.

పులుసన్నంలో ఉండగా ఓండ్రపెట్టింది.

ముందు బావ జేబులో. జేబు మీద చెయ్యేసుకున్నాడు. ఎవరికి వచ్చినా వినకుండా ఉండలేని రోజులవి. నొక్కాడు.

ముందు ఉయ్యాలబల్ల కిర్రుకిర్రు. ఆ కిర్రు ఊరందరికీ తెలుసు, పెద్దయ్యగారి వసారాలోది. తరవాత అమ్మగారి గొంతు, "కాఫీ అండీ." తరవాత ఆయన గొంతు. ఏరియేటర్ల హోరుని దాటే గొంతున్న ఫోను కదా, దొడ్డంతా వినపడింది.

"ఆడి చెరువులో మందు కొట్టించబట్టే కదరా, ఇయ్యాల మన గట్టు మీద ఆయ్ ఆయ్ అని తిరుగుతున్నాడు. కుక్కకి ముందు ఆకలెట్టాలి, తరవాత అన్నవెట్టాలి."

కిర్రు. కిర్రు. ఆగిపోయింది.

అమ్మగారి చేతిలో పెరుగు గిన్నె ఉంది. బావ ఫోను వైపే చూస్తున్నాడు, ఇంకా ఏమైనా చెబుతుందేమోనన్నట్టు. తరవాత దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని, పెద్ద తమ్ముడి చేతిలో కత్తిని లాక్కున్నాడు.

మొదటి వేటు పెద్ద తమ్ముడి ముంజేతి మీద పడింది. చర్మం నోరు తెరిచినట్టు తెరుచుకుంది. చిన్నవాడు పరుగెత్తాడు. పెద్దయ్యగారు లేవబోయి తడబడి, గునపం పక్కనే డొక్కల మీద వెల్లకిలా పడ్డారు. ఆయన పంచె ఆ మొనకి తగిలి చిరిగింది. జానెడు ఇటు పడుంటే నేనీ కథ ఇంకోలా చెప్పేవాణ్ణి. బావ ఆయన గుండె మీద కాలేసి కత్తెత్తాడు. వాడి మొహంలో కోపం లేదు. అది చూస్తే నాకు అన్నిటికన్నా భయమేసింది. గట్టు మీద బురద పోసుకున్ననాటి మొహం అది.

"చెప్పండి" అన్నాడు. "ఇప్పుడు చెప్పండి, ఎండగా ఉందా, వానొచ్చేలా ఉందా?"

నేను ఆకు తొక్కుకుంటూ వెళ్లి కత్తి దిగుతుంటే పట్టుకున్నాను. పిడి పట్టుకుందామనే చూశాను. అందింది అంచు. పులుసు చెయ్యి, జారింది, విరిగిన వేలి మీదుగానే కోసుకుంటూ పోయింది. అక్క పేరెత్తాలో, జైలు గుర్తుచెయ్యాలో, ఏదో ఒకటి గట్టిగా అనాలని నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది ఇది:

"బావా, పెరుగన్నం ఇంకా అవ్వలేదురా."

బావ నన్ను చూశాడు. తన పిడికిలి మీదకి కారుతున్నది ఎవరి రక్తమో చూశాడు. కత్తి వదిలేసి కింద కూలబడి, నా చేతిని తన ఒళ్లో పెట్టుకుని పసిపిల్లాడిలా గొల్లుమన్నాడు. అమ్మగారు పెరుగు గిన్నె కింద పెట్టి, తన కొంగు చింపి నా చేతికి కట్టారు. భర్త వైపు చూడలేదు. ఆ తరవాత ఎన్నాళ్లు చూడలేదో నాకు తెలీదు.

డాక్టరుగారు పెద్ద తమ్ముడి చెయ్యి కుడుతూ, నా వేలు చూస్తూ, ఏమైందని అడిగారు.

"జారి పడ్డావండి" అన్నాం బావతో సహా ముగ్గురం ఒక్క గొంతుతో. ఆయన ఇంక అడగలేదు.

వాళ్లు విరగ్గొట్టిన ఎముక అతుక్కుంది. బావ కత్తికి తెగిన నరమే అతుక్కోలేదు. ఈ సంగతి బావకి నేను చెప్పలేదు. డాక్టరుగారు చెప్పేశారు. అందుకే బావ చెరువు వాటా వదిలేసి నా కొట్టులో కూర్చున్నాడు. వేలు వంగనివాడికి వేలు కావాలి కదా. మొదట్లో స్క్రూని మేకులా తిప్పేవాడు. ఇప్పుడు నాకన్నా నయం.

మాటలు రావడం కొన్నాళ్లకి ఆగింది. పంపేవాణ్ణి ఎక్కడో పట్టుకున్నారో, మా మీద విసుగే పుట్టిందో. ఫోను కంపెనీవాడు మాత్రం ఆ డ్రైవరుని ఈనాటికీ సరిచెయ్యలేదు. ఎవరైనా గుట్టు మాట్లాడుకోవాలంటే గాడిదల్ని రొయ్యలు పంపే థర్మాకోలు పెట్టెలో వేసి మూత బిగించి, దూరంగా పెట్టి మాట్లాడుకుంటారు. పెట్టెలో ఐసు లేదు గానీ బయట మాటలు మాత్రం చల్లగా ఉంటాయి. అప్పటికీ భయం పోనివాళ్లకి మేడమ్‌గారే ఒక ఉపాయం చెప్పారు. తూము మనిషిని మార్చలేకపోతే తూమే పీకేయమన్నారు. మైకు పీకేసి, మాట్లాడాల్సినప్పుడు వైరు ఇయర్‌ఫోను పెట్టుకోవడమన్నమాట. మా కొట్టులో ఇప్పుడు జరిగే పనిలో సగం అదే.

మొన్న ఒక పొద్దున్న కొట్టు ముందు కారాగింది. పెద్దయ్యగారు దిగారు. ఆ గడప ఆయన తొక్కడం అదే మొదలు. చెప్పులు బయట విడిచారు. మనిషి తగ్గారు. జేబులోంచి గాడిదని తీసి కౌంటరు మీద పెట్టారు. కొత్త అద్దం, అందుకని మెల్లిగా పెట్టారు.

"మైకు తీసేత్తారంట కదా."

"తీస్తామండి" అన్నాను. "మా బావ తీస్తాడండి."

బావ ఫోను తీసుకున్నాడు. వెనక మూత విప్పాడు, స్క్రూలు తీశాడు. అడుగున నువ్వుగింజంత మైకు. పట్టుకారు దాని మీద పెట్టి ఆగాడు. తరవాత ఫోను నోటి దగ్గరగా పెట్టుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడకుండా, దానితో మాట్లాడాడు.

"నా రొయ్యలు చచ్చిన్నాడు మీరే వచ్చేరండి. నా బుజం మీద చెయ్యేసేరు. ఆ చెయ్యి నాకింకా బరువుగానే ఉందండి."

రోడ్డు మీద బస్సు వెళ్లింది. పెద్దయ్యగారు కౌంటరు అంచు పట్టుకున్నారు. ఏదో అనబోతున్నారనుకుని నేను నా నాలుకని పళ్ల మధ్య పెట్టుకున్నాను. అది నాకెంత కష్టమో మీకు తెలుసు.

"ఆయ్" అన్నారాయన.

బావ మైకు పీకేశాడు.